నా ప్రార్థన కాదమ్మా, నా కాళ్ళు

ఉద్యోగంలో చేరిన మొదటి రోజే మీకు ఫైలు ఎట్లా రాయాలో, రిజిస్టరు ఎట్లా నింపాలో నేర్పుతారు. నేర్చుకోండి, వద్దనను. దానికి ఒక పూట చాలు. నేనిప్పుడు చెప్పబోయేది నేర్చుకోవడానికి మాత్రం నాకు ఒక రైతు కుటుంబం పంట పట్టింది. వాళ్ళ పంట, నా పాఠం! మీకంత ఖర్చు వద్దనే ఇది రాస్తున్నాను.

నా పేరు ఎస్తేరు. హిందూపురం పిల్లని. జువాలజీ చదివి, పట్టు శాఖలో టెక్నికల్ అసిస్టెంటుగా చేరి, ఇరవై తొమ్మిదేళ్ళు పెనుకొండ చుట్టుపక్కల పల్లెల్లో పట్టుపురుగుల షెడ్లు తిరిగి, మోకాళ్ళు మొరాయించినాక మొన్ననే స్వచ్ఛందంగా బయటికొచ్చినాను. మోకాళ్ళు మొరాయించినాయి గానీ నోరు మొరాయించలేదు. కాబట్టి కాస్త ఓపిక పట్టి వినండి.

పేరూ, నుదురూ

పల్లెల్లో నా పేరు ఎవరికీ నోరు తిరగలేదు. ఎస్తేరు కాస్తా 'ఇస్తారు' అయింది. "ఇస్తారు మేడం వస్తాంది" అని ఒకరంటే, "ఏమిస్తారంటప్పా?" అని పక్కనున్నోడు అడిగేవాడు. ఈ జోకు ఇరవై తొమ్మిదేళ్ళు విన్నాను. ప్రతిసారీ కొత్తగా కనిపెట్టినట్టే నవ్వేవాళ్ళు.

పేరుతో తంటా లేదు. తంటా అంతా నుదురుతోనే. మా క్రైస్తవుల్లో బొట్టు పెట్టుకునేవాళ్ళూ ఉన్నారు. మా అమ్మ పెట్టుకోలేదు, నేనూ పెట్టుకోలేదు. దానివల్ల పరిచయం లేనివాళ్ళు నన్ను చూడగానే రెండింట్లో ఒకటి అనుకుంటారు: మొగుడు పోయినామె, లేకపోతే చర్చి ఆమె. రెండూ శుభం కాదు.

పెళ్ళైన కొత్తలో మా ఆయనకి ధర్మవరంలో టీచరు ఉద్యోగం. మగ్గాల వీధిలో ఒక ఇల్లు ఖాళీ ఉందంటే పోయినాం. ఇంటామె నా నుదురు చూసి, నా చేయి పట్టుకుని, "అయ్యో తల్లీ, ఇంత చిన్న వయసులోనేనా!" అంది. నా వెనక సూట్‌కేసు మోసుకొస్తున్న మా ఆయన, "నేనింకా బతికే ఉండానమ్మా" అన్నాడు. అందరం నవ్వినాం. తర్వాత ఆమె నవ్వు ఆపి, "మరి బొట్టు?" అంది.

"మేం చర్చికి పోతామమ్మా."

"ఓ... ఈ ఇల్లు మా మరిది కొడుక్కి మాటిచ్చేసినాం."

నేను ఊరుకుంటానా? "మీ మరిదికి ఎంతమంది కొడుకులమ్మా?" అన్నాను.

"ఇద్దరూ ఆడపిల్లలే" అని, నాలుక కరుచుకుంది.

వాదన గెలిచినాను. ఇల్లు రాలేదు. నా జీవితంలో ఇది చాలాసార్లు జరిగింది కాబట్టి ముందే చెప్తున్నా: గెలవడమూ, లోపలికి రానియ్యడమూ ఒకటి కాదు.

జ్వరం అంటే జ్వరం కాదు

చేరిన మొదటి నెలలో నేను చేసిన తప్పు చెప్తాను. నవ్వుకోండి, నాకేం సిగ్గు లేదు.

పెనుకొండ కొండ వెనక పల్లెలో రామక్క అని ఒక రైతామె ఉండేది. నా వయసుదే. మొగుడు నరసింహప్ప తోట చూసుకుంటే ఈమె పురుగులు చూసుకునేది. నిజం చెప్పాలంటే పంటంతా ఆమె చేతుల మీదే. మొదటిసారి నేను పోయేసరికి షెడ్డు తలుపు ఓరగా వేసి, "ఈ పొద్దు వద్దు మేడం. అన్నీ జ్వరంలో ఉండాయి" అంది.

నేను పిల్లలనుకున్నాను. "అయ్యో, అందరికీనా? డాక్టరు దగ్గరికి పోయినారా?"

"డాక్టరేమిటికి మేడం? ఇది రెండో జ్వరం. రేపు పొద్దునకి లేస్తాయి."

"రెండోసారా! ఏం మందులు వేస్తాండారు?"

"మందా? సున్నం చల్లినా."

పిల్లల మీద సున్నమా! ఏం చేయాలో తోచక, చిన్నప్పటి నుంచి ఇంట్లో అలవాటైన మాట నోటికొచ్చేసింది: "భయపడొద్దమ్మా, నేను ప్రార్థన చేస్తా."

రామక్క నన్ను పైకీ కిందికీ చూసి, గడప మీద కూలబడి, కడుపు పట్టుకుని నవ్వింది. పట్టుపురుగు పెరిగే లోపల నాలుగుసార్లు చర్మం విడుస్తుంది. అప్పుడు ఆకు తినదు, తల పైకెత్తి కదలకుండా ఉండిపోతుంది. దాన్నే రైతులు జ్వరం అంటారు. పడక పొడిగా ఉండడానికి పైన సున్నం పొడి చల్లుతారు. నాకు కాలేజీలో ఇంగ్లీషు మాట ఒక్కటే చెప్పినారు. ట్రైనింగులో తెలుగు మాట కూడా చెప్పే ఉంటారు, ఆ పొద్దు నేను ఎవరితోనో వాదిస్తూ ఉండుంటాను.

ఆ సాయంత్రానికే ఊరంతా పాకింది. 'పురుగుల జ్వరానికి ప్రార్థన చేసే మేడం.' నేనూ నవ్వినాను. ఆ నవ్వులాట నాలుగేళ్ళ తర్వాత ఎట్లా తిరగబడుతుందో నాకేం తెలుసు?

గడప దగ్గర అవ్వ

ఈ పనిలో అన్నిటికన్నా పెద్ద నియమం ఏదంటే, ఒక షెడ్డు నుంచి ఇంకో షెడ్డుకి రోగం మోసుకుపోకూడదు. అంతే! రైతు తన షెడ్డు దాటడు. పది షెడ్లు తిరిగేది మనం. అందుకే ప్రతి షెడ్డు గడప దగ్గరా బ్లీచింగ్ నీళ్ళలో తడిపిన గోనెపట్ట ఒకటి పరిచి ఉంటుంది. చెప్పులు విడిచి, చేతులు కడిగి, ఆ పట్ట మీద కాళ్ళు తడుపుకుని లోపలికి పోవాలి. ఈ మాట నేను రైతులకు ఎన్ని వందలసార్లు చెప్పింటానో! మా ఇంట్లో మా అమ్మకి కూడా కంఠతా వచ్చేసింది.

నాలుగేళ్ళు గడిచినాయి. అది ముసురు పట్టిన కాలం. పొద్దున కొత్తచెరువు వైపు ఒక పల్లెలో పిలిస్తే పోయినాను. అక్కడ పురుగులు చచ్చి, గట్టిపడి, సుద్దముక్కల్లా తెల్లగా అయిపోయుండాయి. దీన్ని సున్నపుకట్టు రోగం అంటారు. బూజు వల్ల వస్తుంది, చలీ తేమా ఉంటే అంటుకుపోతుంది. పేరులో సున్నం ఉంది గానీ సున్నానికీ దానికీ ఏ సంబంధమూ లేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. ఆఫీసులో చూపించడానికి రెండు చచ్చిన పురుగుల్ని పేపర్లో పొట్లం కట్టి బ్యాగులో వేసుకున్నాను. అక్కడి నుంచి బస్సెక్కి పెనుకొండలో దిగి, ఆటోలో రామక్క పల్లెకి పోయినాను. నాలుగో జ్వరం నడుస్తోందని ఆమె ఫోన్ చేసింది. పంటకి అదే కీలకం. అది దాటితే ఇంకో వారం రోజుల్లో గూళ్ళు కడతాయి.

షెడ్డు గడప బయట నరసింహప్ప తల్లి కూర్చోనుంది. డెబ్బై దాటిన మనిషి. అందరూ అవ్వ అనే పిలుస్తారు. నన్ను చూడగానే లోపలికి కేకేసింది. "రామక్కా, నాలుగో జ్వరమే ఇది. ఆ బోడి నుదురుతో లోపలికి రావద్దని చెప్పు."

"ఊరుకో అత్తా. రాండి మేడం" అంది రామక్క లోపలి నుంచి.

అక్కడితో పోనియ్యొచ్చు. పోనిస్తే నేను ఎస్తేరుని ఎందుకవుతాను?

"ఏమవ్వా, పురుగులు నా నుదురు చూసి గూడు కట్టడం మానేస్తాయా? వాటికి కళ్ళే సరిగ్గా కనపడవు."

"కనపడకపోతే ఏం? వాటికి తెలుస్తాది."

"అట్లయితే మీ నుదురు మాత్రం ఏముంది? మీకూ బొట్టు లేదు కదా!"

అన్నాను. నోరు జారి కాదు, ఏరి మరీ అన్నాను. ఎక్కడ తగులుతుందో తెలిసి అక్కడే వేసినాను. అవ్వ నా మీద అరుస్తుందనుకున్నాను. అరవలేదు. తన కాళ్ళ దిక్కు చూసుకుంటూ, "నేను లోపలికి పోతాండానా తల్లీ?" అంది. "మా ఇంటాయప్ప పోయినప్పట్నుంచి పోలేదు. అందుకే గదా ఈడ కూర్చోనుండా."

ఆ ముసలామె మొహం చూడలేక, రామక్క మొహం చూడలేక, గబగబా చెప్పులు విడిచి లోపలికి పోయినాను. గోనెపట్ట దాటుకుని. చేతులు కడగకుండా. బ్యాగు తీసుకుపోయి పురుగుల అరమీదే పెట్టినాను.

పల్చటి గుడ్డలో సున్నం పొడి మూటగట్టి, ఆ మూట తట్టుకుంటూ పురుగుల మీద చల్లుతూ, కోపం తగ్గడానికి పెదాలు కదిలిస్తూ ప్రార్థన చేసుకున్నాను. ఏమని? నా తప్పు ఒప్పుకుంటానని కాదులెండి. 'ప్రభువా, ఈ మూర్ఖుల్ని భరించే శక్తినియ్యి' అని! గడప బయట నుంచి అవ్వ నన్నే చూస్తోంది. ఆమెకి కనపడింది రెండే: తెల్ల పొడి, గొణుగుడు.

సున్నమైన పురుగులు

ఆరో రోజు రామక్క ఫోన్ చేసింది. "మేడం, పురుగులు సున్నమైపోయినాయి."

పోయి చూస్తే ఇంకో రోజులో గూళ్ళకెక్కాల్సిన పురుగులు, వేలెడేసి పురుగులు, అరలు అరలుగా తెల్లగా బిగిసి పడుండాయి. రామక్క తలకి చుట్టుకున్న గుడ్డ కూడా విప్పకుండా నిలబడింది. ఆ పంట మీదనే ఆ ఏడాది కూతురిని హిందూపురం కాలేజీలో చేర్పించాలని ఆమె ఆశ.

బయట పదిమంది పోగయినారు. నరసింహప్ప పిన్నాయన నిలదీసినాడు. "మేడం, మీరు సున్నం చల్లినారు. పురుగులు సున్నమైనాయి. ఇంకేం చెప్పాల?"

"అది బూజు రోగమప్పా. సున్నం వల్ల రాదు."

"మరి గొణిగినారంట గదా! అవ్వ చూసింది. మీ దేవునికి చెప్పి చల్లినారు."

"జ్వరానికి ప్రార్థన చేస్తానన్నది ఈ మేడమే గదబ్బా, అప్పుడు" అన్నాడు ఇంకొకడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

నేను అరిచినాను. చదువు, సైన్సు, బూజు, తేమ, అన్నీ చెప్పినాను. నా గొంతు పెరిగేకొద్దీ వాళ్ళ మొహాలు మూసుకుపోయినాయి. చివరికి రామక్క నా దగ్గరికొచ్చి, మెల్లగా, "ఇంక రావద్దు మేడం" అంది. తలుపు వేసి గొళ్ళెం పెట్టింది. నాలుగేళ్ళుగా నాకు ఆ ఇంట్లో రాగిముద్ద పెట్టిన మనిషి.

సాక్ష్యం

ఇప్పుడు నిజం చెప్తాను. నాకు బాధ వేసింది. కానీ బాధ కింద ఇంకోటుంది. ఆనందం! అవును. నా దేవుని పేరు మీద నన్ను వెలివేసినారు. చిన్నప్పటి నుంచి ఆదివారం బడిలో విన్న కథలన్నీ నా మీదికొచ్చినట్టు అనిపించింది. నేనేమీ చేయకుండానే పెద్దదాన్నైపోయినాను.

ఆ తర్వాత రెండో ఆదివారం హిందూపురం చర్చిలో అందరి ముందూ లేచి సాక్ష్యం చెప్పినాను. నా నుదురు చూసి ఎట్లా అవమానించినారో, నా ప్రార్థనని ఎట్లా మంత్రమన్నారో, తలుపు ఎట్లా వేసినారో. అవ్వతో నేనన్న మాట మాత్రం చెప్పలేదు. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళొత్తుకున్నారు. పాస్టరు గారు నాకోసం చేతులెత్తి ప్రార్థించినారు. తల మీద కిరీటం పెట్టినట్టుండింది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో మా అమ్మ పక్కన కూర్చుంది. ముప్పై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పిన మనిషి, నన్ను మాత్రం ఇంకా బలపం పిల్లలాగే చూసేది.

"బాగా చెప్పినావే" అంది.

"అవునా అమ్మా?"

"సంతోషంగా కూడా ఉండావు. పంట పోయినామె ఎట్లుండాది?"

నాకు తెలియదు. అడగలేదు. పదిరోజుల్లో ఒక్కసారి కూడా ఆ ఆలోచన రాలేదు.

"వాళ్ళు నీ మీద వేసింది అబద్ధమే" అంది అమ్మ. "నువ్వు ఆ పొద్దు చేతులూ కాళ్ళూ కడుక్కునే పోయింటావులే."

ఆమె మామూలుగానే అంది. మా ఇంట్లో కంఠతా వచ్చిన మాట కదా! నేను మాత్రం ఆటోలో నా కాళ్ళ దిక్కు చూసుకున్నాను.

ఇంటికొచ్చి బ్యాగు బోర్లించినాను. బస్సు టికెట్లు, పెన్నులు, విరిగిన దువ్వెన, అడుగున పేపరు పొట్లం. ఆఫీసులో చూపించడం మర్చేపోయినాను. విప్పితే రెండు పురుగులు, సుద్దముక్కల్లాగా, చుట్టూ తెల్ల పొడి. కొత్తచెరువు నుంచి నేను మోసుకొచ్చినవి. రామక్క అరమీద పెట్టింది ఈ బ్యాగునే.

నూటికి నూరు పాళ్ళు నా వల్లే అని ఏ పరీక్షా చెప్పలేదు. ముసురు కాలం, గాలిలో కూడా రావచ్చు. కానీ నా కాళ్ళకీ నా చేతులకీ తెలుసు. అవ్వని గాయపరిచి, ఆ సిగ్గుతో పారిపోతూ గోనెపట్ట దాటినాను. నా నోరే నన్ను కాళ్ళు కడుక్కోనియ్యలేదు.

పది రోజులుగా 'ప్రభువా, వాళ్ళ కళ్ళు తెరువు' అని అడుగుతూ ఉండాను. ఆయన తెరిచినాడు. కాకపోతే నావి.

'చూద్దాం' సారు

సోమవారం పోయి మా ఆఫీసరుకి చెప్పేసినాను. ఆయన్ని మేం 'చూద్దాం' సారు అనేవాళ్ళం. ఏమడిగినా అదే మాట. చెడ్డవాడు కాదు. రైతు మీద ఎవరైనా గొంతెత్తితే కుర్చీలోంచి లేచి బయటికి పంపేవాడు. ఆ మంచి ఆయనలో ఉంది. కానీ ఏ నిజాన్నైనా నాలుగు రోజులు డ్రాయర్లో పెడితే అది తనంతట తానే అబద్ధమవుతుందని ఆయన నమ్మకం.

"ఎందుకమ్మా చెప్పడం? వాళ్ళు నీ మీద వేసిన నింద తప్పా, కాదా?"

"తప్పే సార్."

"అట్లే ఉండనీ! మతం గొడవ అని చెప్పి నీకు వేరే పల్లెలు ఇస్తాను. ఎవరూ నిన్నేమీ అనరు. ఇప్పుడు పోయి 'నేనే రోగం తెచ్చినా' అంటే రేపు పదిమంది రైతులు ఈడికొచ్చి కూర్చుంటారు. నీ ఉద్యోగం ఏమవుతుందో నేను చెప్పలేను. చూద్దాం."

ఆయన చెప్పింది విని నాకు ఒక సంగతి వెలిగింది. వాళ్ళు నా మీద వేసిన అబద్ధం నాకు గొడుగైంది! దాని కింద నిలబడితే నా అసలు తప్పు మీద ఒక్క చినుకు కూడా పడదు. చర్చిలో సానుభూతి, ఆఫీసులో కొత్త పల్లెలు. అన్నీ నాకే లాభం. రామక్క మాత్రం జీవితాంతం ఒక గొణుగుడికి భయపడుతూ బతుకుతుంది, పంట పోయిన అసలు కారణం తెలియక మళ్ళీ అదే తప్పు జరగనిస్తుంది.

"సార్, నేను పోతాండా" అన్నాను.

"ఎక్కడికి?"

"చూద్దాం" అన్నాను.

చెప్పిన పొద్దు

నన్ను చూడగానే గడప బయటున్న అవ్వ మొహం తిప్పుకుంది. రామక్క చేతులు కట్టుకుని తలుపుకి అడ్డంగా నిలబడింది. నరసింహప్ప చెట్టు కింద నుంచి లేచి వచ్చినాడు.

బస్సులో ఎన్నో మాటలు కూర్చుకున్నాను. అవన్నీ వదిలేసి పొట్లం తీసి విప్పి గడప మీద పెట్టినాను. "ఆ పొద్దు ఇది నా బ్యాగులో ఉండింది రామక్కా. వేరే ఊరి షెడ్డు నుంచి తెచ్చినా. చేతులు కడగలేదు. పట్ట మీద కాళ్ళు పెట్టలేదు. బ్యాగు మీ అరమీద పెట్టినా. మీ పురుగుల్ని చంపింది నా ప్రార్థన కాదమ్మా, నా కాళ్ళు."

రామక్క వంగి పొట్లంలోకి చూసింది. తర్వాత రామక్క అరిచింది చూడండి! నాలుగేళ్ళలో ఆమెకి అంత గొంతుందని నాకు తెలియదు.

"అంటే మీ దేవుడు కాదు, మీ కాళ్ళా? మాకు నేర్పిస్తిరి గదా మేడం! కాళ్ళు కడుక్కో, చేతులు కడుక్కో అని నా ప్రాణం తోడేస్తిరి గదా! మా నాయన వచ్చినా పట్ట మీద నిలబెడితి గదా నేను! దేవుడంటే పోనీలే, ఎవరి దేవుడైనా ఒకటే అనుకుందును. కాళ్ళా!"

"కాళ్ళే."

"సిగ్గులేదా?"

"ఉండాది. అందుకే వచ్చినా."

నరసింహప్ప, "ఎవరూ చూడలేదు గదా మేడం. మీరెందుకు చెప్తాండారు?" అని నెమ్మదిగా అడిగినాడు.

ఇక్కడ నేను గొప్ప మాట ఏదో చెప్పింటానని మీరనుకోవచ్చు. చెప్పలేదు. "మా అమ్మ అడిగింది" అన్నాను. అది నిజం. ఇంకా లోతుగా చెప్పాలంటే, నేను నమ్మినాయన తన మీద పడిన అబద్ధాలకి నోరెత్తలేదు, కానీ అబద్ధం చాటున ఎప్పుడూ దాక్కోలేదు. నేను ఆ రెండో సగాన్ని అప్పటిదాకా, నా ముప్పై రెండేళ్ళ బతుకులో, వినిపించుకోలేదు. అది పల్లె గడప మీద నిలబడి చెప్పే మాట కాదు.

తర్వాత అవ్వ దగ్గర కూర్చున్నాను. "అవ్వా, ఆ పొద్దు నీ నుదురు మాట అన్నాను. అది కూడా తప్పే."

అవ్వ నా దిక్కు చూడకుండానే, "అదే పెద్ద తప్పు" అంది. "పురుగులు మళ్ళీ వస్తాయి."

ఆఫీసులో నాకొక మెమో వచ్చింది. ఒక ఏడాది ఇంక్రిమెంటు ఆగింది. చర్చిలో మళ్ళీ లేచి అసలు సంగతి చెప్పినాను. ఈసారి ఎవరూ కళ్ళొత్తుకోలేదు. "వాళ్ళ ముందు మన పరువు తీసింది" అని నా వెనక అన్నారు. అవతలివాళ్ళు తలుపు మూస్తే బాధ. మనవాళ్ళే మూస్తే ఇంకా బాధ. ఆ మాటకీ వాదించాలనిపించింది. అప్పుడు కూడా ఏరినాను, హిందూపురం మార్కెట్లో మంచి గూళ్ళూ మచ్చ గూళ్ళూ ఏరినట్టు: నా మీద పడిన ఈ మాటలో నిజమెంత, అబద్ధమెంత? మీరూ అట్లే ఏరండి. నిజం కొంచెమే ఉన్నా ముందు దాన్ని పట్టుకోండి. అబద్ధం సంగతి పైవాడు చూసుకుంటాడు, ఆయనకి ఆ పనిలో అనుభవం ఎక్కువ.

ఇద్దరం

రామక్క రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి, "షెడ్డు కడగాల. రాండి" అని పెట్టేసింది. మేడం అని కూడా అనలేదు. పోయినాను. మూడు రోజులు ఆ ఇంటివాళ్ళతో కలిసి అరలు కడిగినాను, పురుగులు గూళ్ళు కట్టుకునే పాత వెదురు చంద్రికలు ఎండకేసినాను, ఫార్మలిన్ ఘాటుకి కళ్ళ నీళ్ళు కార్చుకున్నాను. రెండో రోజు మధ్యాహ్నం నా ముందు రాగిముద్ద, పప్పు పెట్టింది. నేనెప్పుడూ అంత వేగంగా తినలేదు.

మళ్ళీ పంట వేసినారు. నాలుగో జ్వరం దాటి పురుగులు ఆకు మేస్తున్న పొద్దు నేను పోయినాను. రామక్క తలుపు దగ్గర నిలబడి ఒక్క మాటే అంది. "కాళ్ళు."

చేతులు సబ్బుతో కడిగినాను. బ్యాగు బయటే చెట్టుకి తగిలించినాను. గోనెపట్ట మీద నిలబడి, నెమ్మదిగా, వేళ్ళ సందులు కూడా తడిసేలా తొక్కినాను. పక్కన అవ్వ కూర్చోనుంది, ఎప్పటిలాగే బయట. ఏం తోచిందో, వెనక్కి తిరిగినాను.

"అవ్వా, రా లోపలికి."

"నేనా? వద్దు తల్లీ. బోడి నుదురు."

"నాదీ అదే గదవ్వా. ఇద్దరం పోదాం. ఏమైనా అయితే ఇద్దరి మీదా వేస్తారు."

అవ్వ కోడలి దిక్కు చూసింది. రామక్క తలుపు ఇంకాస్త తెరిచింది. నేను చెంబుతో నీళ్ళు తెచ్చి, వంగి, అవ్వ కాళ్ళ మీద పోసి కడిగినాను. పగుళ్ళ నిండా ఎర్రమట్టి. ప్రభువు తన శిష్యుల కాళ్ళు కడిగినదానికి గుర్తుగా మా చర్చిలో పాస్టరు గారు ఏడాదికొకసారి చేసే పని ఇది. నేను ఆ పొద్దే మొదటిసారి చేసినాను. తర్వాత పట్ట మీద నిలబెట్టి, చేయి పట్టుకుని గడప దాటించినాను.

లోపల వేలవేల పురుగులు ఆకు నములుతుంటే ఒకటే చప్పుడు, రేకుల మీద సన్న చినుకులు పడినట్టు. అవ్వ అట్లే నిలబడి చెవి ఒగ్గింది. "ఈ సప్పుడు విని ఎన్నేళ్ళాయెనో" అంది.

ఆ పంట పండింది! ఎట్లా పండిందంటే, హిందూపురం మార్కెట్లో గూళ్ళు పోసిన చోట జనం ఆగి చూసినారు. రామక్క కూతురు ఆ ఏడే కాలేజీలో చేరింది. నేను చేసిందల్లా కాళ్ళు కడుక్కోవడం. అయినా బస్సులో ఇంటికి వస్తూ పాడుకున్నాను, పక్క సీటామె లేచి వేరే సీటుకి పోయేంత గట్టిగా.

అవ్వ ఉన్నన్నాళ్ళూ ఊళ్ళో అందరికీ చెప్పుకునేది. "నేను లోపల కాలు పెట్టినాను, పంట పండింది. మేడం ఏం చేసింది? మేడం నా కాళ్ళు కడిగింది, అంతే."

నేను ఒక్కసారి కూడా వాదించలేదు.